ప్రోటియస్‌లో పీఐఆర్ సెన్సర్ పెట్టాను, దానికి మనిషి కనపడడం లేదు

పెరట్లో ఎల్‌ఈడీ

అందరికీ నమస్తే. మాది గాజువాక, డిప్లొమా ఈసీఈ ఆఖరి సంవత్సరం. గురువారం ప్రాజెక్టు రివ్యూ. ఇవాళ ఆదివారం. ఇంతకంటే ఉపోద్ఘాతం అక్కర్లేదనుకుంటా.

అయినా ప్రాజెక్టు సంగతి కాస్త చెప్తాను. మా ఇల్లు పాతకాలంది. పడకగదికీ పెరటి బాత్రూమ్‌కీ మధ్య సన్నటి నడవా, ఓ 15 అడుగులుంటుంది. దాని లైటు స్విచ్ బాత్రూమ్ చివర బిగించారు. అంటే చీకట్లో నడవా మొత్తం దాటితే గానీ లైటు వెయ్యలేం, దాటేశాక ఇక లైటుతో పనిలేదు. మా నానమ్మ రాత్రి కనీసం రెండుసార్లు లేస్తుంది. సంక్రాంతి ముందు ఒక రాత్రి అక్కడే ఎవరివో చెప్పులు కాలికి తగిలి పడిపోయింది. ఎవరివో కాదు, నావే. ఎముక విరగలేదు గానీ మోకాలి వాపు పది రోజులు తగ్గలేదు. నానమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లె. మంచం మీద కూచుని "ఈ ఇంట్లో లైటు ఏసుకోడానికి ఇంకో లైటు కావాలేటే" అంది. నా ప్రాజెక్టు ఆ మాటే. స్విచ్ ఇటువైపు మార్పించొచ్చు కదా అనకండి. ఆ పని నాన్న రెండేళ్లుగా "వచ్చే వారం" చేయిస్తున్నారు.

సర్క్యూట్ పెద్దదేం కాదు. ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ వేసుకునే చిన్న బోర్డు), పీఐఆర్ మోషన్ సెన్సర్ (ఒంటి వేడితో కదలికని పసిగట్టేది), రిలే (చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్), బల్బు. ముందు సిమ్యులేషన్ చూపించాలి, అంటే సర్క్యూట్‌ని కంప్యూటర్‌లో గీసి నడిపి చూపించాలి, అదీ ప్రోటియస్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే. నా దగ్గరున్న వెర్షన్‌లో పీఐఆర్ అని వెతికితే ఏమీ రాలేదు, అందుకని నెట్‌లో దొరికిన లైబ్రరీ దింపుకున్నాను. బొమ్మ వచ్చింది, పైన తెల్ల బుడిపెతో సహా. దాని అవుట్ కాలు ఊనో 2వ పిన్‌కి ఇచ్చాను, రిలేని 8వ పిన్‌కి. ప్లే నొక్కితే అవుట్ దగ్గర చిన్న నీలం చుక్క (అంటే 0), అంతే. గంటసేపు చూసినా నీలమే. ల్యాప్‌టాప్ కెమెరా ముందు చెయ్యి కూడా ఊపాను. నవ్వకండి, రాత్రి ఒంటిగంటకి మనిషికి ఏ ఆలోచనైనా వస్తుంది.

తర్వాత చూస్తే ఆ బొమ్మకి టెస్ట్‌పిన్ అని నాలుగో కాలుంది. నేను కొనుక్కొచ్చిన నిజం సెన్సర్‌కి మూడే కాళ్లు, అందుకే దాన్ని ఊరికే వదిలేశాను. పొద్దున దాన్ని 5 వోల్టులకి కలిపి చూశాను, ఏ మార్పూ లేదు. మా ఫ్రెండ్ దగ్గర్నుంచి తన ఫైలు తెచ్చి అదే పని చేస్తే అక్కడ మాత్రం లైటు వెలిగింది. వెలిగింది గానీ ఇక ఆరదు!

ఆ నాలుగో కాలు ఏంటి? సిమ్యులేషన్‌లో "కదలిక" అనేది ఎక్కణ్ణించి తేవాలి? ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

మధురవాడ ఎంబెడెడ్

బ్రదర్, నీ ఫైల్లో ఒక తప్పు, మీ ఫ్రెండ్ ఫైల్లో ఇంకో తప్పు. రెండూ కలిపి చూసేసరికి తల తిరుగుతోంది.

ముందు నీది. ఆ సెన్సర్ బొమ్మ మీద డబుల్ క్లిక్ చెయ్యి, ప్రాపర్టీస్ తెరుచుకుంటాయి. అందులో ప్రోగ్రామ్ ఫైల్ అనే గడి ఉంటుంది. నీది ఖాళీగా ఉందని పందెం. నువ్వు దింపుకున్న జిప్‌లో మూడు రకాల ఫైళ్లు ఉండాలి: లిబ్, ఐడీఎక్స్, హెక్స్. మొదటి రెండూ లైబ్రరీ ఫోల్డర్‌లోకి పోతాయి. మూడోది చాలామంది పట్టించుకోరు. ఆ బొమ్మ లోపల ఉన్నది సెన్సర్ కాదు, సెన్సర్‌లా నటించే ఓ చిన్న ప్రోగ్రామ్. ఆ ప్రోగ్రామే ఆ హెక్స్. అది ఇవ్వకపోతే సెన్సర్ పెంకు మాత్రమే ఉన్నట్టు, లోపల జీవం లేదు. గంట కాదు, సంక్రాంతి దాకా చూసినా నీలమే.

లైబ్రరీ ఫోల్డర్ దొరక్కపోతే సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్ చూడు. విండోస్ దాన్ని దాచిపెడుతుంది, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే కనపడుతుంది. దాని లోపల ల్యాబ్‌సెంటర్ ఎలక్ట్రానిక్స్, దాని లోపల ప్రోటియస్, దాని లోపల లైబ్రరీ. ఫైళ్లు పెట్టాక ప్రోటియస్ మూసి మళ్లీ తెరవాలి.

ఇక నాలుగో కాలు. కంప్యూటర్ లోపల మనుషులు నడవరు కదా, మరి సెన్సర్‌కి కదలిక ఎవరు చెప్పాలి? నువ్వే చెప్పాలి. టెస్ట్‌పిన్ మీద 1 ఉంటే "మనిషి వచ్చాడు", 0 ఉంటే "ఎవరూ లేరు". మీ ఫ్రెండ్ ఫైల్లో హెక్స్ ఉంది, అందుకే స్పందించింది. కానీ దాన్ని 5 వోల్టులకి కట్టేస్తే నడవాలో ఎవరో శాశ్వతంగా గంతులేస్తున్నారని అర్థం. లైటు ఎందుకు ఆరుతుంది? కాంపొనెంట్స్‌లో లాజిక్‌స్టేట్ అని వెతికి దాన్ని టెస్ట్‌పిన్‌కి పెట్టు. సిమ్యులేషన్ నడుస్తుండగా దాని మీద క్లిక్ చేస్తే 0 కాస్తా 1 అవుతుంది, మళ్లీ చేస్తే 0. నొక్కినంతసేపే 1 ఉండాలంటే లాజిక్‌టోగుల్ వాడు. ఊరికే వదిలేస్తే మాత్రం ఆ కాలు గాల్లో వేలాడుతుంది, బూడిద రంగు చుక్క కనపడుతుంది చూడు, అది అదే.

ఇంకోటి. ఊనోకి కూడా దాని హెక్స్ వేరే ఇవ్వాలి. ఆర్డుయినో ఐడీఈలో స్కెచ్ మెనూ, ఎక్స్‌పోర్ట్ కంపైల్డ్ బైనరీ. రెండు హెక్స్‌లు వస్తాయి, బూట్‌లోడర్ అని పేరులో లేనిది తీసుకో. సెన్సర్ హెక్స్ ఊనోకి, ఊనో హెక్స్ సెన్సర్‌కి ఇచ్చి మూడు గంటలు కొట్టుకున్న మహానుభావులు ఉన్నారు. ఒకరు ఈ రిప్లై రాస్తున్నారు.

రుషికొండ నైట్ డ్యూటీ

వీటన్నిటికీ బదులు వోక్వి వాడొచ్చు కదా. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, లైబ్రరీల గోల లేదు. అందులో పీఐఆర్ ఉంది, నడుస్తుండగా దాని మీద క్లిక్ చేస్తే సిమ్యులేట్ మోషన్ అని బటన్ వస్తుంది. నొక్కితే అవుట్ 5 సెకన్లు పైకి లేచి, తర్వాత 1.2 సెకన్లు ఎంత నొక్కినా పట్టించుకోదు. ఆ రెండు అంకెలూ మనం మార్చుకోవచ్చు. టింకర్‌క్యాడ్‌లో అయితే ఇంకా సరదా, సెన్సర్ ముందు ఓ బంతి లాంటి చుక్క ఇస్తాడు, మౌస్‌తో పట్టుకుని అటూఇటూ లాగితే అదే మనిషి. లాగడం ఆపితే కదలిక లేనట్టే. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. రెండూ ఊరికే దొరుకుతాయి.

పెరట్లో ఎల్‌ఈడీ

మధురవాడ అన్నా, పని చేసింది!! గడి ఖాళీగానే ఉంది, పందెం మీరే గెలిచారు. లాజిక్‌స్టేట్ నొక్కగానే ఎర్ర చుక్క వచ్చింది, రిలే టక్కున మారింది. అమ్మని లేపి చూపించాను. "ఇది నొక్కితే ఆ లైటు వెలుగుతుందా? మరి స్విచ్ కూడా అంతే కదే" అంది. నాకు సమాధానం దొరకలేదు.

అన్నట్టు నేను బ్రదర్ కాదు, సిస్టర్ని.

నైట్ డ్యూటీ గారూ, వోక్వి చూశాను, బాగుంది. మా దగ్గర మాత్రం ప్రోటియస్ స్క్రీన్‌షాట్ లేకపోతే రికార్డు మీద సంతకం పడదు. కానీ మీరన్న ఆ 1.2 సెకన్లు "పట్టించుకోకపోవడం" ఏంటి? నా ప్రోటియస్ సెన్సర్‌కి అలాంటిదేం లేదు, ఎన్నిసార్లు నొక్కినా వెంటనే లేస్తోంది.

మీటరు మాస్టారు

అమ్మాయ్, ఆఖర్న అడిగావు చూడు, అసలు ప్రశ్న అది. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేసి రిటైరయ్యాను, సీతమ్మధారలో ఉంటాను, మోకాళ్ల నొప్పుల విషయంలో మీ నానమ్మ పార్టీ. ప్రోటియస్ నాకు అంతగా రాదు, సెన్సర్ గురించి రెండు ముక్కలు చెప్తాను.

నువ్వు కొన్నది బహుశా హెచ్‌సీ-ఎస్‌ఆర్ 501. అందరూ అదే కొంటారు. ఆ తెల్ల బుడిపె ఫ్రెనెల్ లెన్సు. దాని కింద చిన్న లోహపు డబ్బీ, దానికో కిటికీ. లోపల వేడికి స్పందించే పలుకులు రెండు ఉంటాయి, ఒకదానికొకటి ఎదురుగా కలిపి ఉంటాయి. మనిషి ఒంటి నుంచి వచ్చే పరారుణ కిరణాలు దాదాపు 9, 10 మైక్రాన్ల దగ్గర బలంగా ఉంటాయి. అవి ముందు ఒక పలుకు మీద పడి తర్వాత రెండోదాని మీదకి జరిగితే తేడా పుడుతుంది, ఆ తేడానే సిగ్నల్. రెండింటి మీదా సమానంగా పడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే దీనికి మనిషి కనపడడు, మనిషి జరగడం కనపడుతుంది. మీ నానమ్మ నడవా మధ్యలో గోడ పట్టుకుని కదలకుండా నిలబడితే సెన్సర్ లెక్కలో అక్కడ ఎవరూ లేనట్టే.

ఆ సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని బోర్డు మీదున్న బీఐఎస్‌ఎస్ 0001 అనే చిప్ పెంచి, హద్దు దాటిందా లేదా చూసి, అవుట్‌ని 3.3 వోల్టులకి లేపుతుంది. బోర్డుకి 4.5 నుంచి 20 వోల్టుల దాకా ఏదిచ్చినా అవుట్ 3.3 మాత్రమే. నీ ఊనో 5 వోల్టులది, పిన్ మీద 3 వోల్టులు దాటితే గానీ 1 అని నమ్మకంగా చదవదు. అంటే నీకు మిగిలింది 0.3 వోల్టు. బొమ్మలో ఇది తెలియదు, అక్కడ 1 అంటే 1. నిజం బోర్డు మీద అదే అవుట్‌కి చూడముచ్చటగా ఉంటుందని ఒక ఎల్‌ఈడీ కూడా తగిలించావనుకో, ఆ 0.3 ఎగిరిపోవచ్చు. ఎల్‌ఈడీ కావాలంటే ఊనో వేరే పిన్‌కి పెట్టుకో.

ఇక ఆ పట్టించుకోకపోవడం. అవుట్ కిందకి దిగాక ఈ బోర్డు రెండున్నర సెకన్ల పాటు కళ్లు మూసుకుంటుంది, లాకౌట్ అంటారు. లైటు ఆరినప్పుడు వచ్చే కుదుపుని మనిషి అనుకోకుండా ఉండడానికి. ఈ రెండున్నర సెకన్లని గుర్తుపెట్టుకో, ముందుముందు పని పడుతుంది. కరెంటిచ్చిన మొదటి నిమిషం దీన్ని అసలు నమ్మకూడదు. వేడెక్కుతూ స్థిమితపడేలోపు ఎవరూ లేకుండానే రెండు మూడుసార్లు లేస్తుంది. మన దగ్గర కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఈ తంతు ఉంటుంది. బోర్డు మీద రెండు స్క్రూలున్నాయి, ఒకటి దూరానికి, సుమారు 3 నుంచి 7 మీటర్లు, రెండోది అవుట్ ఎంతసేపు నిలబడాలో చెప్పడానికి, కొన్ని సెకన్ల నుంచి 5 నిమిషాల దాకా. పక్కన జంపర్: హెచ్ దగ్గర పెడితే కదలిక ఉన్నంతసేపూ అవుట్ పొడిగిస్తూ పోతుంది, ఎల్ దగ్గర పెడితే ఒకసారి లెక్కపెట్టి దిగిపోతుంది. నీ పనికి హెచ్.

ఇవేవీ నువ్వు నొక్కే ఆ 0, 1లలో లేవు. కాబట్టి సెన్సర్ చేసే అల్లరి కూడా నువ్వే నొక్కి చూపించాలి. మొదటి నిమిషంలో మూడుసార్లు దొంగ 1 ఇచ్చి చూడు, నీ స్కెచ్ (ఊనోకి రాసిన ప్రోగ్రామ్) దాన్ని పట్టించుకోకుండా ఉంటోందా? అది రివ్యూలో చూపిస్తే విలువ. లైటు వెలగడం ఎవరైనా చూపిస్తారు.

ఇంకొక్కటి, ఇది విశాఖ ఎండాకాలం. మే నెలలో గోడలు సాయంత్రానికి కూడా కాలుతుంటాయి. నడవాలో గాలి 34, 35 డిగ్రీలైతే మనిషి చర్మం కూడా దాదాపు అంతే. తేడా లేకపోతే సెన్సర్‌కి ఏం కనపడుతుంది? దూరం బాగా తగ్గిపోతుంది. 7 మీటర్లని నమ్మి చివర బిగించకు. మనిషి ఎదురుగా వచ్చేలా కాదు, అడ్డంగా దాటేలా పెట్టు. సముద్రం గాలికి కాళ్లు పచ్చగా పట్టకుండా డబ్బాలో పెడితే మంచిదే గానీ లెన్సు ముందు గాజు పలక మాత్రం పెట్టకు. మనకి ఆరపార కనపడే గాజు దానికి గోడ.

మధురవాడ ఎంబెడెడ్

మాస్టారు చెప్పాక నేను చెప్పడానికేముంది. సిస్టర్, ప్రోటియస్ వైపు రెండు మాటలు మాత్రం. ఆ నిమిషం ఆగడం కోసం స్కెచ్‌లో డిలే పెట్టకు, ఊనో గడియారం మిల్లిస్‌తో లెక్కపెట్టు. డిలే నడుస్తున్నంతసేపు ఊనో ఏదీ వినదు. నీ ల్యాప్‌టాప్ మీద సిమ్యులేషన్ నత్తలా నడుస్తుంటే ఆ 60 సెకన్లని స్కెచ్ పైన ఒకే చోట పేరు పెట్టి రాసుకో, సిమ్యులేషన్‌కి 6, నిజానికి 60.

రిలే గురించి. బొమ్మలో 8వ పిన్ నుంచి నేరుగా రిలే కాయిల్‌కి ఇచ్చావు కదా? ప్రోటియస్‌లో పొగ రాదు. నిజంగా అయితే 5 వోల్టుల రిలే కాయిల్ 70 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, ఊనో పిన్ తట్టుకునేది గరిష్ఠంగా 40. బీసీ 547 ట్రాన్సిస్టర్, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్ 4007 డయోడ్ గియ్యి. నువ్వు కొన్నది రిలే మాడ్యూల్ అయితే అవి దాని మీదే ఉంటాయి, కానీ చాలా మాడ్యూళ్లు పిన్ 0 అయినప్పుడు ఆన్ అవుతాయి. సిమ్యులేషన్‌కి ఉల్టా. ముందే చూసుకో.

230 వోల్టుల వైపు మాత్రం ఒంటరిగా చెయ్యి పెట్టకు.

పెరట్లో ఎల్‌ఈడీ

మంగళవారం రాత్రి రాస్తున్నా. ప్రోటియస్‌లో అన్నీ చేశాను, దొంగ 1లతో సహా. అద్భుతంగా పని చేస్తోంది. ఆ ధైర్యంతో నిజంది కూడా బిగించేశాం. 230 వోల్టుల వైపు నాన్నే చేశారు. ఎంసీబీ కట్టేసి, టెస్టర్ పెట్టి రెండుసార్లు చూసి మరీ. (ఇంత పని చేసినవారు స్విచ్ మార్చొచ్చు కదా. అడగలేదు.) నడవా పైన ఉన్న పాత 60 వాట్ల పసుపు బల్బునే వాడాం. సెన్సర్‌ని దాని పక్కనే చెక్కకి బిగించాం, ఓ అడుగున్నర దూరం. అవుట్ దిగాక 40 సెకన్లకి లైటు ఆరాలి.

ఆరింది. నాలుగైదు సెకన్లలో మళ్లీ వెలిగింది. నడవాలో పిల్లి కూడా లేదు. మళ్లీ ఆరింది, మళ్లీ వెలిగింది. తలుపు సందులోంచి గంటసేపు చూశాం, ఇదే వరస. అమ్మ "పెళ్లింటి సీరియల్ లైట్లలా ఉంది" అంటోంది. నానమ్మ మాత్రం గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకుంది. సిమ్యులేషన్‌లో వందసార్లు చూశాను, ఒక్కసారి కూడా ఇలా అవలేదు. స్కెచ్ అదే, ఒక్క అక్షరం మార్చలేదు. రివ్యూ ఎల్లుండే, ఒకటే టెన్షన్.

మీటరు మాస్టారు

కంగారు పడకు. నేను రెండున్నర సెకన్లు గుర్తుపెట్టుకోమన్నాను కదా, అవి అవుట్ దిగినప్పుడే అయిపోతాయి, నీ లైటు ఆరేది 40 సెకన్ల తర్వాత. అంటే లైటు ఆరేసరికి సెన్సర్ కళ్లు తెరుచుకునే ఉంది, ఆరాక నాలుగైదు సెకన్లలో దానికి ఏదో కనపడుతోంది.

నాన్నగారితో ఎంసీబీ కట్టించి బల్బు తీసెయ్యమను. హోల్డరు ఖాళీగా ఉండనీ. మళ్లీ ఆన్ చేసి నడవాలోంచి ఒకసారి నడిచి గదిలోకి వచ్చి తలుపేసి రిలే చప్పుడు విను. టక్ మని పడి, కాసేపటికి టక్ మని లేచి, ఆ తర్వాత నిశ్శబ్దంగా ఉంటే దొంగ బల్బే. బల్బు లేకపోయినా టక్ టక్ అంటూనే ఉంటే రిలే పడ్డప్పుడు సప్లైలో కుదుపు వస్తోందన్నమాట, అప్పుడు వేరే వైద్యం.

పెరట్లో ఎల్‌ఈడీ

టక్. కాసేపాగి టక్. ఆ తర్వాత పది నిమిషాలు ఏమీ లేదు. నడవాలో గడియారం చప్పుడు వినపడింది.

బల్బే!

మీటరు మాస్టారు

అనుకున్నాను. 60 వాట్ల బల్బు గాజు ఎంత వేడెక్కుతుందో ముట్టుకున్నవాడికి తెలుసు. ఆరగానే చల్లబడడం మొదలవుతుంది. అడుగున్నర దూరంలో ఉన్న సెన్సర్‌కి ఆ వేడి మార్పు ఎవరో నడిచినట్టే అనిపిస్తుంది. లైటు వెలిగిస్తుంది. అది మళ్లీ వేడెక్కుతుంది, మళ్లీ ఆరుతుంది, మళ్లీ... సెన్సర్ తన లైటునే చూసి తనే మోసపోతోంది.

మందు సులువు. ఫిలమెంటు బల్బు తీసేసి చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టు. సెన్సర్‌ని అక్కణ్ణించి దించి మోకాలెత్తులో, దారికి అడ్డంగా చూసేలా బిగించు. ఇంకా అనుమానం ఉంటే లెన్సులో బల్బు వైపున్న భాగం మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించు, అటువైపు చూపు పోతుంది.

మధురవాడ ఎంబెడెడ్

సిస్టర్, దీన్ని సరిచేసి ఊరుకోకు. ఇదే రివ్యూలో చూపించు. ప్రోటియస్‌లో ఈ తిక్క రాలేదు అన్నావు, ఎందుకొస్తుంది? నీ బొమ్మలో లైటు నుంచి సెన్సర్‌కి దారే లేదు. గియ్యి, వస్తుంది.

ఎలాగంటే, టెస్ట్‌పిన్ ముందు ఒక ఆర్ గేటు పెట్టు (రెండు ఇన్‌పుట్లలో ఏది 1 అయినా దాని అవుట్‌పుట్ 1 అవుతుంది), 4071 తీసుకో. దాని ఒక ఇన్‌పుట్‌కి నీ లాజిక్‌స్టేట్, అది మనిషి. రెండో ఇన్‌పుట్‌కి ఊనోలో ఖాళీగా ఉన్న ఒక పిన్, 12 అనుకో, అది బల్బు వేడి. స్కెచ్‌లో లైటు ఆర్పిన 4 సెకన్లకి 12వ పిన్‌ని అర సెకను పాటు 1 చేసి దింపెయ్యి. ఒకసారి లాజిక్‌స్టేట్ నొక్కి వదిలేసి చేతులు కట్టుకుని కూచో. మీ నడవా కనపడుతుంది. తర్వాత ఆర్ గేటు నుంచి 12వ పిన్ తీగ తీసేసి ఆ ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి కట్టు (గాల్లో వదలకు, ఆ కథ నీకు తెలిసిందే). అది ఎల్‌ఈడీ బల్బు పెట్టాక ఉన్న నడవా.

రుషికొండ నైట్ డ్యూటీ

నేను వోక్వి అని చెప్పి తప్పుకున్నాను, ఇక్కడ ఇంత కథ జరిగిందా. రివ్యూ ఏమైందో రాయడం మర్చిపోకండి.

పెరట్లో ఎల్‌ఈడీ

రాస్తున్నా రాస్తున్నా. గురువారం అయింది, ఇవాళ శనివారం, నిద్ర తీరాక రాస్తున్నా.

ఆర్ గేటు పెట్టి నొక్కగానే ప్రోటియస్‌లో అచ్చంగా మా నడవా వచ్చేసింది. ఆరడం, నాలుగు లెక్కపెట్టేలోపు వెలగడం. ఇంట్లో రెండు రాత్రులు ఏడిపించిన తిక్కని తెర మీద చూస్తే ఎందుకో నవ్వొచ్చింది. రివ్యూలో మేడమ్ సర్క్యూట్ చూడగానే మొదట వేలు పెట్టింది దాని మీదే. "సెన్సర్ ముందు ఆర్ గేటెందుకు, ఏ బ్లాక్ డయాగ్రమ్‌లోనూ లేదే?" అన్నారు. బల్బు, గాజు చల్లబడడం, రిలే చప్పుడు వినడం అంతా చెప్పాను. పక్క బ్యాచ్ వాళ్ల సెన్సర్ కూడా పీఐఆరే, వాళ్లని పిలిచి "మీ లైటు ఎక్కడుంది, సెన్సర్ ఎక్కడుంది?" అని అడిగారు. వాళ్లు ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు.

మొదటి నిమిషం దొంగ 1లు కూడా చూపించాను. అది ఆవిడకి అంతగా నచ్చినట్టు లేదు, "కరెంటు వచ్చిన నిమిషం దాకా లైటు రాకపోతే ఆ నిమిషంలో లేచినవాళ్ల సంగతేంటి?" అన్నారు. న్యాయమే. నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ నిమిషం లైటుని వెలిగించే ఉంచుతున్నాను, సెన్సర్ మాట వినకుండా. కరెంటు పోయి వచ్చినప్పుడే కదా ఎలాగూ అందరూ లేచేది.

ఇంట్లో సెన్సర్ మోకాలెత్తుకి దిగింది, 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వచ్చింది, టేపు అవసరం పడలేదు. మొదటి రాత్రి నానమ్మ లేచి గుమ్మం దాటగానే వెలిగింది. ఆగి, దాని వంక చూసి "ఇదేటే, నన్ను సూసి ఎలుగుతంది" అంది. మెచ్చుకుందో, తిట్టిందో తెలీలేదు.

మాస్టారూ, మీరు చెప్పింది కూడా జరిగింది. నిన్న రాత్రి వస్తూ వస్తూ నడవా మధ్యలో గోడకి చెయ్యి ఆనించి ఆయాసం తీర్చుకుంటోంది, కదల్లేదు, లైటు ఆరిపోయింది. గదిలోంచి నాకు వినపడింది, "నానింకా ఎళ్లలేదురా బాబూ" అని సెన్సర్‌తో అంటోంది. చెయ్యి ఊపితే వెలుగుతుందని చెప్పాను గానీ, గోడ మీంచి చెయ్యి తీస్తే ఎలా అని స్కెచ్‌లో 40ని 90 చేశాను.